ఇంటి అప్పు ఎలా తీరుతుంది? తనఖా రకాలు, కిస్తీల లెక్కలు

50 లక్షల గృహ రుణం, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు. నెలకు కిస్తీ 43,391 రూపాయలు. ఒక్క నెల కూడా తప్పకుండా ఐదేళ్లు కడితే బ్యాంకుకు చేరేది 26 లక్షలు. ఆ రోజు స్టేట్‌మెంట్ తీసి చూస్తే బాకీ ఇంకా 44 లక్షలు ఉంటుంది. ఈ అంకె చూడగానే ఎక్కడో పొరపాటు జరిగిందని చాలామంది కంగారు పడతారు. పొరపాటేమీ ఉండదు. అప్పు తీసుకున్న రోజునే ఈ లెక్క అంతా ఖాయమైపోయింది, అడిగినవాళ్లు లేరంతే.

లెక్క చిన్నదే. ప్రతి నెలా ముందు మిగిలిన బాకీ మీద ఆ నెల వడ్డీ పట్టుకుంటారు, కిస్తీలో మిగిలింది మాత్రమే అసలుకు జమ అవుతుంది. పై అప్పులో మొదటి నెల వడ్డీ 35,417 రూపాయలు. అంటే అసలులో తగ్గేది 7,974 రూపాయలే. నెలనెలా ఈ వాటా కొద్దికొద్దిగా పెరుగుతుంది కానీ, కిస్తీలో వడ్డీ కంటే అసలు ఎక్కువ కావడానికి దాదాపు 12 ఏళ్లు పడుతుంది. 50 లక్షల్లో సగం తీరేసరికి 14 ఏళ్లు దగ్గర పడతాయి. మిగిలిన సగం చివరి ఆరేళ్లలో చకచకా కరిగిపోతుంది.

మన ఊళ్లలో వడ్డీని శాతాల్లో కాక రూపాయల్లో చెప్పుకుంటారు. నూటికి నెలకు రూపాయి అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలంటే 24. ఆ లెక్కన 8.5 శాతం ముప్పావలా వడ్డీ కూడా కాదు. అందుకే గృహ రుణం చాలా చౌక అనిపిస్తుంది, రేటు వరకు అది నిజమే. కానీ రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పును ఏడాదిలోనో రెండేళ్లలోనో ఎలాగోలా వదిలించుకోవాలని చూస్తాం. ముప్పావలా లోపు అప్పును 20 ఏళ్లు నిశ్చింతగా మోస్తాం. ఆ అప్పును ఖరీదు చేసేది రేటు కన్నా కాలమే.

గడువు మార్చి చూస్తే ఇది తేటగా కనిపిస్తుంది. అదే 50 లక్షలు, అదే 8.5 శాతం. 30 ఏళ్లకు పెట్టుకుంటే కిస్తీ 38,446 రూపాయలకు దిగుతుంది. నెలకు 5 వేలు మిగిలాయని సంతోషం. కానీ మొత్తం వడ్డీ 54 లక్షల నుంచి 88 లక్షలకు ఎక్కుతుంది. అదే 15 ఏళ్లకు కుదిస్తే కిస్తీ 49,237 అవుతుంది, వడ్డీ 39 లక్షల లోపే ఆగుతుంది. "మీకు నెలకు ఎంతైతే వీలవుతుంది?" అని ఏజెంటు అడిగే ప్రశ్నకు జవాబు చెప్పేముందు ఈ మూడు అంకెలూ పక్కపక్కన రాసుకుని చూసుకోవాలి.

ఫ్లాట్ వడ్డీ అని ఇంకో పద్ధతి ఉంది. బ్యాంకుల గృహ రుణాల్లో ఇది కనిపించదు, చిన్నచిన్న ఫైనాన్స్‌లలోనూ ప్రైవేటు అప్పుల్లోనూ ఉంటుంది. 5 లక్షలకు 12 శాతం ఫ్లాట్ అంటే ఐదేళ్లకూ పూర్తి 5 లక్షల మీదే వడ్డీ వేస్తారు: 3 లక్షలు. నెలకు 13,333. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ తగ్గదు. తగ్గే బాకీ పద్ధతిలోకి మార్చి చూస్తే ఇది 20 శాతం పైనే పడుతుంది. ఇంటి కాగితాలు పెట్టి అప్పు తెచ్చే చోట "ఫ్లాటా, రెడ్యూసింగా?" అన్నది మొట్టమొదటి ప్రశ్న కావాలి.

రేటు మారితే గడువు ఎక్కడికి పోతుంది

గృహ రుణాల్లో ఎక్కువ భాగం ఫ్లోటింగ్ రేటువే, అంటే మధ్యలో వడ్డీ రేటు మారేవే. పూర్తి కాలానికి స్థిర వడ్డీ ఇచ్చేవాళ్లు తక్కువ. ఇచ్చినా రేటు ఎక్కువే ఉంటుంది, రెండు మూడేళ్ల తర్వాత ఫ్లోటింగ్‌లోకి మారే షరతు కాగితాల్లో ఎక్కడో ఉండనూ వచ్చు. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ గృహ రుణాలను బయటి కొలమానానికి ముడిపెట్టాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. చాలా బ్యాంకులు రెపో రేటును, అంటే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటును, ఎంచుకున్నాయి. దాని పైన బ్యాంకు తన వాటాగా కొంత శాతం కలుపుకుంటుంది, దాన్నే స్ప్రెడ్ అంటారు. రెపో మారితే మూడు నెలల్లోపు ఆ మార్పు అప్పులో కనిపించాలి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఈ నిబంధన లేదు, వాళ్ల రేటు వాళ్ల సొంత కొలమానం మీద నడుస్తుంది. ఒకే వీధిలో ఉన్న బ్యాంకూ ఫైనాన్స్ కంపెనీ ఈ రోజు ఒకే రేటు చెప్పినా, మూడేళ్ల తర్వాత రెండూ ఒకేలా ఉంటాయన్న హామీ లేదు.

రేటు పెరిగినప్పుడు ఏం జరుగుతుందో 2022లో లక్షల కుటుంబాలు చూశాయి. 2020 మే నుంచి 4 శాతం దగ్గర ఉన్న రెపో రేటు 2022 మేలో పెరగడం మొదలై 2023 ఫిబ్రవరికి 6.5కు చేరింది. పది నెలల్లో రెండున్నర శాతం. చాలా చోట్ల కిస్తీ మాత్రం మారలేదు, అందుకే చాలామందికి వెంటనే తెలియలేదు. బ్యాంకులు కిస్తీని అలాగే ఉంచి గడువును పెంచాయి.

దాని అర్థం ఏమిటో ఒక లెక్కలో చూడొచ్చు. 7 శాతానికి 20 ఏళ్ల గడువుతో 50 లక్షలు తీసుకున్నవారి కిస్తీ 38,765. ఏడాదిన్నర, రెండేళ్లు కట్టాక బాకీ 48 లక్షలకు వచ్చింది అనుకుందాం. అప్పుడు రేటు 9.5 శాతమైతే ఒక నెల వడ్డీయే 38,000 రూపాయలు. కిస్తీలో అసలుకు పోయేది 765 రూపాయలు! ఆ లెక్కన అప్పు తీరడానికి ఇంకో 41 ఏళ్లు పడుతుంది. బాకీ మరో లక్ష ఎక్కువ ఉంటే కిస్తీ వడ్డీకే చాలదు, నెలనెలా కడుతున్నా అప్పు పెరుగుతూనే ఉంటుంది.

ఈ పరిస్థితి వచ్చాకే 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు కొత్త ఆదేశాలిచ్చింది. రేటు మారి కిస్తీనో గడువునో సవరించాల్సి వస్తే ఆ సంగతి అప్పు తీసుకున్నవారికి చెప్పాలి. కిస్తీ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా, రెండూ కొంత కొంత మార్చుకోవాలా అన్నది వాళ్లనే ఎంచుకోనివ్వాలి. స్థిర వడ్డీలోకి మారే వీలూ చూపించాలని అప్పట్లో ఉండేది, 2025 అక్టోబరు నుంచి అది బ్యాంకు ఇష్టానికే వదిలారు. గడువు పొడిగింపు వల్ల కిస్తీ వడ్డీకి కూడా చాలని స్థితి రాకూడదు. ఇప్పటిదాకా అసలు ఎంత, వడ్డీ ఎంత కట్టారు, ఇంకెన్ని కిస్తీలున్నాయి అన్న వివరాలతో మూడు నెలలకోసారి స్టేట్‌మెంట్ ఇవ్వాలి. ఇంత హక్కు ఉండి కూడా ఆ స్టేట్‌మెంట్ తెరిచి చూసేవారు తక్కువ. మిగిలిన కిస్తీల సంఖ్య ఒక్కటి చూసుకుంటే చాలు, అప్పు ముందుకు వెళ్తోందో వెనక్కి వెళ్తోందో తెలిసిపోతుంది.

2025లో రెపో మళ్లీ దిగింది. ఫిబ్రవరిలో మొదలైన కోతలతో జూన్‌కల్లా 5.5కు వచ్చింది. రేటు తగ్గినప్పుడు కిస్తీ తగ్గించమని అడగాలనిపించడం సహజం. ఇంట్లో ఇబ్బంది లేకపోతే పాత కిస్తీనే కొనసాగించడం ఎంతో లాభం, తగ్గిన వడ్డీ అంతా అసలు మీదికి మళ్లుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. పాత కస్టమరు స్ప్రెడ్ ఎక్కువగా ఉండి, అదే బ్యాంకు కొత్తవారికి తక్కువ రేటు ఇస్తున్న సందర్భాలు మామూలే. కొద్దిపాటి ఫీజు కట్టి రేటు మార్పించుకోవచ్చు. ఒప్పుకోకపోతే టేకోవర్‌కు, అంటే అప్పును వేరే బ్యాంకుకు మార్చుకోవడానికి, వెళ్లొచ్చు. ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఫీజు, కొత్త తనఖా రిజిస్ట్రేషన్ ఖర్చు కలిపి చూసుకున్నాక కూడా లాభం మిగిలితేనే ఆ తిరుగుడు పెట్టుకోవాలి. గడువు చివరి ఐదారేళ్లలో ఉన్న అప్పుకు సాధారణంగా మిగలదు.

ముందుగా కట్టడంలో ఉన్న బలం

ఫ్లోటింగ్ రేటు గృహ రుణాన్ని ముందే తీర్చినా, మధ్యలో పెద్ద మొత్తం కట్టినా వ్యక్తుల దగ్గర బ్యాంకులు జరిమానా తీసుకోకూడదు. 2012 నుంచి ఈ నిబంధన ఉంది. ఈ ఒక్క సౌకర్యాన్ని వాడుకున్నవారికీ వాడుకోనివారికీ మధ్య తేడా లక్షల్లో ఉంటుంది.

మొదటి ఉదాహరణకే వద్దాం. ఐదేళ్లు కట్టి బాకీ 44 లక్షల దగ్గర ఉన్నప్పుడు చేతికి 5 లక్షలు వచ్చాయి. బోనసో, ఊళ్లో స్థలం అమ్మిన డబ్బో. పార్ట్ పేమెంట్ కట్టినప్పుడు బ్యాంకులో రెండు దారులుంటాయి: కిస్తీ తగ్గించుకోవడం, లేదా కిస్తీ అలాగే ఉంచి గడువు తగ్గించుకోవడం. కిస్తీ తగ్గిస్తే అది 38,467కు దిగుతుంది, మిగిలిన 15 ఏళ్లలో మొత్తం మీద ఆదా అయ్యే వడ్డీ సుమారు 3.9 లక్షలు. గడువు తగ్గిస్తే అప్పు మూడేళ్ల ముందే తీరిపోతుంది, ఆదా 10.7 లక్షలు. కట్టింది అదే 5 లక్షలు. ఏ దారి కావాలో ఉత్తరంలో స్పష్టంగా రాసి ఇవ్వాలి, ఆ తర్వాత కొత్త షెడ్యూల్ తీసుకుని సరిచూసుకోవాలి.

పెద్ద మొత్తాలు రాని ఇంట్లో ఏడాదికి ఒక కిస్తీ అదనంగా కట్టినా 20 ఏళ్ల అప్పు మూడేళ్లకు పైగా ముందే తీరుతుంది, దాదాపు 10 లక్షల వడ్డీ మిగులుతుంది. మొదటి ఏళ్లలో కట్టిన అదనపు రూపాయికే బలం ఎక్కువ. పదిహేనో ఏట కట్టేది మంచిదే కానీ అప్పటికే వడ్డీలో చాలా భాగం వెళ్లిపోయి ఉంటుంది.

"పన్ను మినహాయింపు పోతుంది, అప్పు ఉంచుకోవడమే మేలు" అని సలహా ఇచ్చేవారు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. పాత పన్ను విధానంలో సొంతంగా ఉంటున్న ఇంటి వడ్డీకి మినహాయింపు ఏడాదికి 2 లక్షలకే పరిమితం. 30 శాతం శ్లాబులో ఉన్నవారికి కూడా దానివల్ల తగ్గే పన్ను 62,400 రూపాయలు. పై అప్పులో మొదటి ఏడాది వడ్డీ 4.21 లక్షలు. కొత్త పన్ను విధానంలోనైతే సొంత ఇంటికి ఆ మినహాయింపే లేదు. 62 వేల కోసం 4 లక్షలు కట్టడం ఏ లెక్కలోనూ నిలవదు.

హైదరాబాద్ లాంటి చోట్ల నిర్మాణంలో ఉన్న ఫ్లాటు కొనేవారికి ప్రీ ఈఎంఐ గురించి తెలియాలి. బిల్డరుకు విడతలుగా ఇచ్చిన డబ్బు మీద వడ్డీ మాత్రమే కట్టించుకోవడం ఈ పద్ధతి. 30 లక్షలు విడుదలైతే 8.5 శాతం లెక్కన నెలకు 21,250. మూడేళ్లు ఆలస్యమైతే 7.65 లక్షలు కట్టాక కూడా అసలు ఒక్క రూపాయి తగ్గదు, 20 ఏళ్ల లెక్క అప్పుడే మొదలవుతుంది. పక్కన ఇంటి అద్దె కూడా నడుస్తుంటే ఈ టెన్షన్ ఎంతటిదో వేరే చెప్పక్కర్లేదు. స్తోమత ఉంటే మొదటి విడత నుంచే పూర్తి కిస్తీ మొదలుపెట్టమని అడగవచ్చు.

ఆదాయం ఒక్క తీరుగా రానివారికి, అంటే వ్యాపారులకు, విదేశాల్లో ఉండి అప్పుడప్పుడు డబ్బు పంపేవారికి, ఓవర్‌డ్రాఫ్ట్ ఖాతాతో ముడిపడ్డ గృహ రుణం అక్కరకొస్తుంది. ఖాతాలో ఉంచిన డబ్బు మేరకు వడ్డీ పడదు, అవసరమైతే వెనక్కి తీసుకోవచ్చు. రేటు కొంచెం ఎక్కువ ఉంటుంది. చేతిలో డబ్బు నిలవని మనిషికి మాత్రం ఇది నష్టమే, పెట్టింది మళ్లీ తీసేస్తే అప్పు ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఏ కాగితం మీద సంతకం పెడుతున్నాం

కిస్తీల లెక్క ఒక వైపు. అప్పు తీరకపోతే, లేదా తీరాక కూడా, ఇల్లు ఎవరి చేతిలో ఉంటుందన్నది తనఖా రకాన్ని బట్టి ఉంటుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం తనఖాలను ఆరు రకాలుగా చెప్పింది. ఆరూ నిత్యం ఎదురయ్యేవి కావు.

బ్యాంకు గృహ రుణాల్లో వాడేది ఎక్కువగా హక్కు పత్రాల డిపాజిట్. ఈక్విటబుల్ మార్ట్‌గేజ్ అనేది దీన్నే. ఒరిజినల్ సేల్ డీడు, ఆ ఆస్తి అంతకుముందు చేతులు మారిన లింకు డాక్యుమెంట్లు బ్యాంకుకు అప్పగిస్తారు. ఇంట్లో ఉండేది, అద్దెకిచ్చుకునేది యజమానే. తెలుగు రాష్ట్రాల్లో బ్యాంకులు దీనికి సంబంధించిన మెమోరాండంను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించడం మామూలు కాబట్టి అది ఆస్తి మీద ఉన్న లావాదేవీలు చూపే ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) కనిపిస్తుంది. రిజిస్టర్డ్ సాధారణ తనఖాలో కూడా స్వాధీనం యజమానిదే. అప్పు తీరకపోతే ఆస్తిని కోర్టు ద్వారా అమ్మించి రాబట్టుకునే హక్కు అప్పిచ్చినవారికి ఉంటుంది.

స్వాధీన తనఖాలో భూమి అప్పిచ్చినవారి చేతికి వెళ్తుంది. పంటో అద్దో వాళ్లు అనుభవిస్తారు, అది వడ్డీ కిందో అసలు కిందో జమ అవుతుంది. భోగ్యానికి ఇచ్చామని చెప్పే ఏర్పాట్లు కొన్ని ఈ కోవలోకి వస్తాయి. తాతల కాలంలో ఇలా ఇచ్చిన పొలం ఇంకా ఎదుటివారి చేతిలోనే ఉన్న కుటుంబాలున్నాయి. మామూలు తనఖాను విడిపించుకునే దావాకు 30 ఏళ్ల గడువు ఉంది. స్వాధీన తనఖా విషయంలో ఆ 30 ఏళ్లు తనఖా రాసిన రోజు నుంచి లెక్కించరాదని, అసలు సొమ్ము అనుభవం ద్వారా తీరినప్పుడో, చెల్లించినప్పుడో, కోర్టులో జమ చేసినప్పుడో మొదలవుతాయని సుప్రీంకోర్టు 2014లో సింగ్ రామ్ కేసులో తేల్చింది. కాలం గడిచిపోయిందన్న ఒక్క మాటతో పొలం వదులుకోనక్కర్లేదు. ఏజెన్సీ ప్రాంతాల్లో సంగతి వేరు. అక్కడ 1/70 చట్టం కింద తనఖా కూడా భూ బదిలీ కిందికే వస్తుంది కనుక గిరిజనేతర వడ్డీ వ్యాపారి ఆ భూమిని తనఖా పట్టడానికి లేదు.

అన్నిటికంటే ప్రమాదమైనది షరతు విక్రయం. అమ్మినట్టు రాస్తారు, ఫలానా తేదీలోగా డబ్బు కడితే తిరిగి రాసిస్తామన్న షరతు పెడతారు. ఆ షరతు అదే దస్తావేజులో ఉంటేనే చట్టం దాన్ని తనఖాగా చూస్తుంది. 1929 సవరణ నుంచి ఇదే నియమం. కానీ ఊళ్లలో, పట్టణాల్లో జరిగేది ఏమిటి? వడ్డీకి డబ్బిచ్చేవారు తనఖా రాయించుకోరు, ఏకంగా సేల్ డీడో, జీపీఏతో (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీతో) కూడిన సేల్ అగ్రిమెంటో రిజిస్టర్ చేయించుకుంటారు. "అప్పు తీర్చగానే క్యాన్సిల్ చేసేద్దాం, మనలో మనకేంటి" అని నోటి మాట ఇస్తారు. ఆ నోటి మాట కాగితం మీద లేదు కాబట్టి చట్టం ముందు అది అమ్మకమే. అప్పుకు హామీగా మాత్రమే రాసిచ్చామని తర్వాత కోర్టులో నిరూపించడానికి ఏళ్లు పడుతుంది, గెలుస్తామన్న నమ్మకమూ ఉండదు. ఎంత అవసరంలో ఉన్నా అప్పుకు అమ్మకం కాగితం రాయకూడదు. తనఖా రాస్తే విడిపించుకునే హక్కును చట్టమే కాపాడుతుంది. "గడువు దాటితే ఆస్తి మీకే" అని అందులో రాసుకున్నా ఆ హక్కు పోదు.

రివర్స్ మార్ట్‌గేజ్ గురించి మన దగ్గర తెలిసినవారు తక్కువ. చాలా ఏళ్లుగా అందుబాటులో ఉంది. 60 ఏళ్లు దాటినవారు సొంత ఇంటిని తనఖా పెడితే బ్యాంకే నెలనెలా డబ్బు ఇస్తుంది. వాళ్లు బతికున్నంతకాలం ఆ ఇంట్లోనే ఉంటారు, తిరిగి కట్టక్కర్లేదు. తర్వాత వారసులు బాకీ తీర్చి ఇల్లు ఉంచుకోవచ్చు, లేదా అమ్మగా బాకీ పోను మిగిలింది తీసుకోవచ్చు. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడి, కోటి రూపాయల ఇల్లుండీ నెల ఖర్చుకు ఫోన్ చేయడానికి మొహమాటపడే తల్లిదండ్రులకు ఇది పనికొచ్చే ఏర్పాటు. ఇల్లు పిల్లలకే చెందాలన్న పట్టుదల వల్ల ఇది అంతగా వాడుకలోకి రాలేదు.

కట్టలేకపోతే, కట్టేశాక

కిస్తీ 90 రోజులు దాటి బాకీ పడితే అప్పు ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది. అప్పటి నుంచి 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు కోర్టుకు వెళ్లకుండానే చర్య తీసుకోవచ్చు. ముందు 60 రోజుల నోటీసు ఇవ్వాలి. దానికి అభ్యంతరం రాసి పంపితే 15 రోజుల్లో బ్యాంకు జవాబివ్వాలి. ఇంటిని స్వాధీనం చేసుకునే చర్య మొదలైతే 45 రోజుల్లోగా డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. హైదరాబాద్‌లోనూ విశాఖపట్నంలోనూ ఉన్నాయి. బాకీ కట్టి ఇల్లు విడిపించుకునే పని వేలం ప్రకటన వెలువడేలోపే చేయాలి, 2016 సవరణ తర్వాత ఆ గీత దాటితే ఆ హక్కు నిలవదు. వేలంలో బాకీ కంటే ఎక్కువ వస్తే ఆ మిగులు యజమానిదే. సాగు భూమికి ఈ చట్టం వర్తించదు.

నోటీసు వస్తే సిగ్గుతో దాన్ని బీరువాలో దాచేసేవాళ్లు ఉంటారు. ఆ 60 రోజులే అన్నిటికంటే విలువైనవి. ఉద్యోగం పోయినా, అనారోగ్యం వచ్చినా మొదటి కిస్తీ తప్పకముందే బ్యాంకుకు రాసి గడువు పెంచమనో, కొంతకాలం వడ్డీ మాత్రమే కడతామనో అడిగితే ఒప్పుకునే అవకాశం ఉంటుంది. మూడు కిస్తీలు తప్పాక అదే బ్రాంచిలో ఆ మాట వినేవారు ఉండరు. ఇల్లు వేలానికి పోయే తక్కువ ధర కంటే సొంతంగా కొనేవాణ్ణి చూసుకుని అమ్మి బాకీ తీర్చడం దాదాపు ఎప్పుడూ మేలే.

చివరి కిస్తీ కట్టాక కూడా పని మిగిలే ఉంటుంది. నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఒరిజినల్ డాక్యుమెంట్లను అప్పుడు ఇచ్చిన జాబితాతో పోల్చి ఒక్కొక్కటీ సరిచూసుకోవాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తనఖా రిలీజు రిజిస్టర్ చేయించి, కొత్త ఈసీ తీసి అందులో అది ఎక్కిందో లేదో చూడాలి. ఇది మరిచిపోయినవారికి పదేళ్ల తర్వాత ఇల్లు అమ్మబోతే కొనేవాడి లాయరు ఈసీలో పాత తనఖా చూపిస్తాడు. 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు ఆదేశం ప్రకారం అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో డాక్యుమెంట్లు తిరిగివ్వాలి, రిజిస్టరైన తనఖాను తొలగించాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. కాగితాలు పోగొడితే నకళ్లు తెచ్చుకోవడానికి సాయం చేసి ఆ ఖర్చూ భరించాలి, అందుకు మరో 30 రోజుల గడువు ఉంటుంది. అప్పు తీసుకున్న మనిషి మధ్యలో చనిపోతే వారసులకు డాక్యుమెంట్లు ఎలా అప్పగిస్తారో ప్రతి బ్యాంకూ తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఆ పేజీ ఒకసారి చదివి, ఏయే కాగితాలు అడుగుతారో ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచితే వాళ్లకు ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ చాలా తగ్గుతుంది.